తూచినవాడే పూచీ పడాలి

గూడ్సు రైలులో సరుకు పంపితే ఇచ్చే రసీదు మీద ఒక బరువు రాసి ఉంటుంది. ఛార్జీ వసూలు చేసేటప్పుడు రైల్వేకు ఆ బరువు ఖాయమైన అంకె. అవతలి ఊళ్లో సరుకు తక్కువ దిగిందని మనం అడిగామనుకోండి, అదే అంకె 'మీరు చెప్పారు, మేం రాసుకున్నాం' అయిపోతుంది. గోదాముల లెక్కలు చూసే ఉద్యోగంలో నేను పడిన తగాదాల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. కాటాలు సరిగ్గా ఉండవనీ, హమాలీలు కొక్కేలతో బస్తాలు చింపుతారనీ, దారిలో సరుకు దిగిపోతుందనీ అందరూ చెబుతారు. అవన్నీ నిజమే, కాటాల సంగతీ రాస్తాను. కానీ తేడా ఎంతైనా సరే అది ఎవరి నెత్తిన పడాలో ముందే రాసిపెట్టి ఉంటే, ఇక కాటా ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం?

రైల్వే చట్టం, 1989లో సెక్షన్ 65 చదవండి. రసీదులో రాసిన బరువు, బస్తాల సంఖ్య సాక్ష్యంగా చెల్లుతాయని మొదట ఉంటుంది. ఇక్కడిదాకా బాగుంది. వెంటనే ఒక మినహాయింపు వస్తుంది. సరుకు వ్యాగన్ లోడుగానో రైలు లోడుగానో వెళ్తూ, ఆ బరువును గానీ సంఖ్యను గానీ రైల్వే ఉద్యోగి సరిచూడలేదని రసీదులో రాసి ఉంటే, అవి నిజమని రుజువు చేసుకునే భారం పంపినవాడి మీదో అందుకునేవాడి మీదో పడుతుంది. బియ్యం, ఎరువులు, సిమెంటు, బొగ్గు ఏదైనా ఇప్పుడు వెళ్లేది వ్యాగన్ లోడుగానో రైలు లోడుగానో. కాబట్టి మినహాయింపు అని రాసిందే రోజువారీ నియమం. 'సెడ్ టు కంటెయిన్', అంటే 'ఇంత ఉందని పంపినవాడు చెప్పాడు' అనే ముద్ర పడిన ఈ రసీదును మావాళ్లు ఎస్‌టీసీ అంటారు. పాత గుమాస్తాలైతే ఆ ముద్ర చూడగానే "ఇక క్లెయిము మర్చిపో" అనేవారు.

ఇప్పుడు అదే చట్టంలో ఇంకొంచెం ముందుకు వెళ్లండి. సెక్షన్ 78 ప్రకారం సరుకు అప్పగించే ముందు మళ్లీ తూచి, ఛార్జీ మళ్లీ లెక్కగట్టే అధికారం రైల్వేకు ఉంది. సెక్షన్ 73 ప్రకారం వ్యాగన్ సామర్థ్యానికి మించి ఎక్కించినట్టు తేలితే మామూలు ఛార్జీ మీద జరిమానా ఛార్జీ వేయవచ్చు, దాన్ని అందుకునేవాడి దగ్గరే వసూలు చేయవచ్చు. మరి అందుకునేవాడు "నా సరుకు తూచి ఇవ్వండి" అంటే? సెక్షన్ 79 అందుకు దారి ఇచ్చినట్టే ఇస్తుంది. ఛార్జీ కట్టాలి, అందాకా వ్యాగన్లు ఆగినందుకు వేసే డెమరేజీ రుసుము కూడా కట్టాలి. వ్యాగన్ లోడుకైతే యార్డులో రద్దీ వల్లో మరో కారణం వల్లో తూచడం కుదరదనుకుంటే ఆ కోరికను ఒప్పుకోనక్కర్లేదు. రద్దీ లేని యార్డు ఎక్కడుందో నాకైతే తెలియదు.

కోర్టులకు వెళ్లినా గాలి అటే వీచింది. కాటా దగ్గర తన మనిషి ఎవరూ లేకపోయినా, అధిక లోడు జరిమానాను అందుకునేవాడి దగ్గర వసూలు చేయడం చెల్లుతుందని 1998లో జగ్జీత్ కాటన్ టెక్స్‌టైల్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2025లో కామాఖ్య ట్రాన్స్‌పోర్ట్ కేసులో, సరుకు వివరాలు తప్పు చెప్పినందుకు సెక్షన్ 66 కింద వేసే ఛార్జీని సరుకు అప్పగించిన తర్వాత కూడా అడగవచ్చంది. తీర్పులు చట్టాన్ని ఉన్నది ఉన్నట్టు చదివాయి, వాటితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఇలా రాసిన చట్టంతోనే.

రైల్వే పక్షాన కూడా న్యాయం లేకపోలేదు. ప్రైవేటు సైడింగులో, అంటే గనివాళ్లో ఫ్యాక్టరీవాళ్లో వేసుకున్న సొంత రైలు దారిలో, రాత్రి రెండింటికి లోడరు వ్యాగన్‌లో ఎన్ని బకెట్ల బొగ్గు పోశాడో చూడటానికి రైల్వే మనిషి ఉండడు. సామర్థ్యానికి మించి నింపితే యాక్సిల్ వేడెక్కుతుంది, స్ప్రింగులు విరుగుతాయి, పట్టా పగులుతుంది. ఆ వెనక వచ్చేది ప్యాసింజరు రైలు కావచ్చు. తక్కువ చెప్పి ఎక్కువ ఎక్కించిన ఘనులు మన వ్యాపారాల్లో తక్కువేం లేరు. కాబట్టి సెక్షన్ 73 ఉండాల్సిందే. నా అభ్యంతరం ఒకటే. ఆ జరిమానా వేయడానికి నమ్మిన కాటానే, నష్టపరిహారం ఇవ్వడానికి ఎందుకు నమ్మరు? ఒకే యంత్రం, ఒకే చీటీ, ఒకే అంకె. డబ్బు వచ్చే దిక్కున మాత్రమే అది సాక్ష్యమా?

ఇక కాటాల సంగతి. ఇప్పుడు గూడ్సు రైళ్లను ఎక్కువగా తూచేది కదులుతుండగానే. రైలు నిదానంగా, గంటకు 15 కిలోమీటర్ల లోపు వేగంతో పట్టాల కింద అమర్చిన సెన్సర్ల మీదుగా వెళ్తుంది, యంత్రం ఒక్కో యాక్సిల్ బరువునో, బోగీ (వ్యాగన్ కింద ఉండే చక్రాల చట్రం) బరువునో పట్టుకుని కూడుతుంది. డ్రైవరు మధ్యలో బ్రేకు తాకించినా, ఒక చక్రం అంచు అరిగి చదునైపోయినా, వ్యాగన్ల మధ్య కప్లింగు లాగినా అంకె మారుతుంది. ఇలాంటి కాటాలకు అంతర్జాతీయ తూనికల సంస్థ ఓఐఎంఎల్ పెట్టిన ప్రమాణం ఒకటి ఉంది, ఆర్ 106. అందులో 0.2, 0.5, 1, 2 అని నాలుగు తరగతులు. 0.5 తరగతి యంత్రం వాడుకలో ఉండగా అర శాతం అటూ ఇటూ చూపినా అది మంచి కాటా కిందే లెక్క.

అర శాతమే కదా అనిపిస్తుంది. బొగ్గు మోసే బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్ ఖాళీగా 20.6 టన్నులు, నిండితే 91.6 టన్నులు. అర శాతం అంటే వ్యాగన్‌కు 450 కిలోల పైమాట. తప్పులు అటొకటి ఇటొకటి పడితే 58 వ్యాగన్ల ర్యాకు మొత్తం మీద చాలావరకు సర్దుకుంటాయి. కానీ యంత్రం అమరికలోనే లోపముంటే ప్రతి వ్యాగన్‌లోనూ తప్పు ఒకే వైపుకు పడుతుంది, అప్పుడు ర్యాకుకు 26 టన్నులు దాటుతుంది. పంపిన చోట ఒక కాటా అర శాతం ఎక్కువ చూపి, దిగిన చోట ఇంకో కాటా అర శాతం తక్కువ చూపితే దాదాపు 53 టన్నుల 'దొంగతనం'. దొంగ ఎవరూ లేడు. రెండు కాటాలకూ తూనికల శాఖ ముద్ర ఉంది. అయినా ఫైలు మాత్రం కదులుతుంది, ఎవరో ఒకరికి మెమో వస్తుంది.

టేర్ గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. వ్యాగన్ పక్కన పెయింటుతో రాసిన ఖాళీ బరువును నిండు బరువులోంచి తీసేస్తే సరుకు బరువు వస్తుందని లెక్క. ఆ వ్యాగన్ అడుగున కిందటి ట్రిప్పు బొగ్గు తడిసి అట్టకట్టి ఉంటే? ఆ పాత బొగ్గుకు కూడా కొత్త ఛార్జీ కడతాం, అవతల దిగలేదని తగాదా పడతాం. దించాక అదే వ్యాగన్‌ను అదే కాటా మీద ఖాళీగా తూస్తే ఈ తగాదా అక్కడికక్కడే తీరుతుంది. ఖాళీ ర్యాకు ఎలాగూ ఆ దారినే వెనక్కి పోతుంది. కానీ ఖాళీ బరువు వల్ల ఎవరికీ ఆదాయం లేదు, అందుకని ఎవరికీ పట్టదు.

బస్తా సరుకులో గొడవ ఇంకో రకం. ఒకే సైజు బస్తాలైతే లెక్కపెట్టి బరువు కట్టడం మామూలు. బియ్యం బస్తా 50 కిలోలు, యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు. రైలు దిగాక గూడ్సు షెడ్డు నుంచి గోదాముకు లారీల్లో వెళ్తుంది, అక్కడ లారీ కాటా. 2,600 టన్నుల ర్యాకును లారీకి 20 టన్నుల చొప్పున తోలితే 130 ట్రిప్పులు. నిండు బండి తూచేటప్పుడు క్లీనరు టీ తాగడానికి దిగి, ఖాళీ బండి తూచేటప్పుడు క్యాబిన్‌లో ఎక్కి కూర్చుంటే, మధ్యలో బండి బంకుకు వెళ్లి డీజిలు పోయించుకుంటే, ట్రిప్పుకు వంద కిలోలు తేడా రావడం పెద్ద విషయం కాదు. 130 ట్రిప్పులకు 13 టన్నులు. రసీదులో ఉన్నది బస్తాల లెక్క, గోదాములో ఉన్నది లారీల తూకం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేసి వచ్చిన అంకెకు షార్టేజీ అని పేరు పెడతాం.

అన్నిటికన్నా పెద్ద చిక్కు తేమ. 14 శాతం తేమతో బయల్దేరిన బియ్యం 13 శాతానికి ఆరిందనుకోండి. వంద కిలోల్లో 86 కిలోల గట్టి సరుకు అలాగే ఉంటుంది, నీరు పోతుంది, మొత్తం బరువు 98.85 కిలోలకు దిగుతుంది. 2,600 టన్నుల మీద అది దాదాపు 30 టన్నులు. 15 నుంచి 13కు దిగితే 60 టన్నులకు దగ్గర. ఒక్క గింజ పోలేదు, ఒక్క కుట్టు విప్పలేదు. గోధుమ సంగతి దీనికి తలకిందులు. ఏప్రిల్ ఎండల్లో కోసి తెచ్చిన గోధుమ వానాకాలంలో తేమ పీల్చి బరువు పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలో చూపమని భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) ఉత్తరాది రాష్ట్రాల సంస్థలను అడగడం, వాళ్లు గోల పెట్టడం మామూలే.

ఒక వేసవిలో మా గోదాముకు దిగిన బియ్యం ర్యాకు ఇలాగే ఇరవై టన్నులకు పైగా తక్కువ తూగింది. బస్తాల లెక్క ఒక్కటి కూడా తేడా లేదు. వ్యాగన్ సీళ్లు చెక్కుచెదరలేదు కాబట్టి రైల్వే తరఫున తలుపు మూసుకుపోయింది. సీలు తెగి ఉంటేనో, బస్తాలు చెడి ఉంటేనో సెక్షన్ 81 కింద ఓపెన్ డెలివరీ, అంటే రైల్వేవాళ్ల ఎదుటే విప్పి చూసి తీసుకోవడం, అడగవచ్చు, ఇక్కడ అడగడానికి ఏమీ లేదు. పంపిన మిల్లువాళ్లు తమ తూకం చీటీలు చూపించారు. తేమ చీటీలు రెండు చోట్లా ఉన్నాయి, అవి చూస్తే తేడాలో ఎక్కువ భాగం నీళ్లేనని అక్కడే తేలిపోతుంది. వాటిని పక్కపక్కన పెట్టి లెక్క చూడమని నేను రాసిన నోటు ఫైలులో ఎక్కడో ఉండే ఉంటుంది. చివరకు ఆ మొత్తం హ్యాండ్లింగ్ కాంట్రాక్టరు బిల్లులోంచి కోశారు. కాంట్రాక్టరు ఊరుకుంటాడా, ముఠా మేస్త్రీతో మాట్లాడుకుని హమాలీల కూలీ లెక్కలో సర్దాడు. ఎండకు ఆవిరైపోయిన నీళ్లకు డబ్బు కట్టింది బస్తాలు మోసినవాళ్లు.

ఇది ఒక్క గోదాము కథ అయితే రాసేవాణ్ని కాదు. తూకం తగాదా ఎక్కడ తేలకపోయినా తేడా కిందికే జారుతుంది, ఇంకొకరి మీద వేయలేని మనిషి దగ్గర ఆగుతుంది. తెలంగాణలో యాసంగి వచ్చిందంటే కొనుగోలు కేంద్రాల దగ్గర తరుగు గొడవ ఏటా పేపర్లో చూస్తాం. 40 కిలోల బస్తాకు తేమ పేరుతో, తాలు పేరుతో రెండు మూడు కిలోలు కోశారని రైతులు రోడ్డెక్కుతారు. మిల్లరును అడిగితే నా దగ్గర అంత బియ్యం దిగదు, నన్ను అడిగేవాళ్లు నన్ను అడుగుతారు అంటాడు. అతనిదీ పూర్తిగా అబద్ధం కాదు. గొలుసులో పై లింకు తన తూకానికి పూచీ పడనప్పుడు కింద ఉన్న ప్రతివాడూ కొంచెం ఎక్కువ కోసి దాచుకుంటాడు.

దీనికి మన వ్యవస్థ కనిపెట్టిన మందు 'నార్మ్'. ఇంత శాతం దాకా తరుగు సహజం, దాని మీద ప్రశ్న లేదు. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ లెక్కలో గని పక్కనే ఉన్న థర్మల్ కేంద్రానికి బొగ్గు తరుగు 0.2 శాతం, దూరాన ఉన్నవాటికి 0.8 శాతం. ఇందాకటి 58 వ్యాగన్ల ర్యాకులో 4,100 టన్నుల చిల్లర బొగ్గు ఉంటే 0.8 శాతం అంటే 33 టన్నుల దాకా అడిగేవాడు లేడు. ప్రతి ర్యాకుకూ కోర్టుకు వెళ్లలేం కాబట్టి ఇలాంటి గీత ఒకటి అవసరమే. చిక్కు ఎక్కడంటే, గీత గీసిన మర్నాటి నుంచి తరుగు ఆ గీత దాకా పెరుగుతుంది. 0.3 శాతం పోయే చోట కూడా 0.78 అని రాస్తారు. ఏ లెక్కల పుస్తకంలోనైనా నష్టం ఏడాది పొడవునా నార్మ్‌కు రవ్వంత లోపలే ఆగుతోందంటే నేను ఆ పుస్తకాన్ని నమ్మను.

తూకం పూచీ రైల్వేదే అని రాసుకున్నవాళ్లు ఎక్కడా లేరా? ఉన్నారు. నూట యాభై ఏళ్ల కిందట అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం. చుట్టుపక్కల పల్లెల గోధుమ, మొక్కజొన్న రైళ్లలో చికాగోకు చేరి, అక్కడ ఎలివేటర్లనే పెద్ద ధాన్యపు గోదాముల్లోకి వెళ్లేవి. ఏ గోదాములో దింపాలో రైలు కంపెనీ ఇష్టం. ఎంత దిగిందో చెప్పేది గోదాము యజమాని. రైతుకు మిగిలేది ఒక చీటీ. మన్ అండ్ స్కాట్ అనే పేరున్న గోదాము సంస్థ గాదెల్లో దొంగ అటకలు వేసి, పైన మాత్రం ధాన్యం పరిచి నిండుగా ఉన్నట్టు తనిఖీదారులకు చూపించిందన్న చరిత్ర కూడా ఉంది, అది కొంచెం తర్వాతి సంగతి. రైతులు తిరగబడ్డారు. 1870లో ఆ రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకున్నప్పుడు గోదాముల కోసమే ఒక అధ్యాయం పెట్టింది. అందులో నాలుగో సెక్షన్ ఏమంటుందంటే, రైలు కంపెనీలు ధాన్యాన్ని ఎక్కించే చోటే తూచాలి లేదా కొలవాలి, మొత్తానికి రసీదు ఇవ్వాలి, అంత మొత్తాన్నీ గమ్యంలో అప్పగించే బాధ్యత వాళ్లదే. మరుసటి ఏడాది, 1871లో, రైల్‌రోడ్ అండ్ వేర్‌హౌస్ కమిషన్ అని ఒకే సంస్థను రెండింటి మీదా కూర్చోబెట్టారు. రైలును ఒకరు, గోదామును ఇంకొకరు చూస్తే మధ్యలో సరుకు మాయమవుతుందని వాళ్లకు అప్పుడే అర్థమైంది. గోదాములు మా సొంత ఆస్తి, మీరెవరు అడగడానికి అని ఆ మన్ అండ్ స్కాట్‌లోని మన్ పై కోర్టుల దాకా వెళ్లాడు. ప్రజల అవసరంతో ముడిపడిన వ్యాపారాన్ని రాష్ట్రం నియంత్రించవచ్చని 1877లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది.

అక్కడితో గొడవలు ఆగిపోయాయని నేను అనను. అమెరికా రైళ్లూ మన ఎస్‌టీసీ లాంటి ముద్ర ఒకటి కనిపెట్టుకున్నాయి, 'పంపినవాడి తూకం, పంపినవాడి లెక్క' అని. కానీ 1916లో వచ్చిన సరుకు రసీదుల చట్టం ఆ ముద్రకు ఒక హద్దు గీసింది. గుట్టగా పోసే సరుకును పంపేవాడు తన దగ్గర సరైన కాటా పెట్టి, దాన్ని రైలు కంపెనీకి అందుబాటులో ఉంచి, తూచి చూసుకోమని రాతపూర్వకంగా అడిగితే, కంపెనీ తగిన సమయంలో తూచి తీరాలి. ఆ తర్వాత 'పంపినవాడి తూకం' అని ముద్ర వేసినా అది చెల్లదు. నాకు బాగా నచ్చిన నియమం ఇది. రైల్వే ప్రతి సైడింగులోనూ మనిషిని పెట్టనక్కర్లేదు. కాటా ఖర్చు పంపేవాడిది. పిలిచినా రాకపోతే, ఆ అంకెను కాదనే హక్కు పోతుంది.

మనకు కావలసిందీ ఇంతే. ఇవాళ ఎన్నో సైడింగుల్లో సరుకు యజమాని డబ్బుతో పెట్టిన వేబ్రిడ్జి (వ్యాగన్లు తూచే కాటా) ఉంది, దాని అంకెతో రైల్వే ఛార్జీ కడుతోంది. సెక్షన్ 65 మినహాయింపుకు ఒక్క వాక్యం చేరిస్తే చాలు. ఏ తూకం మీద ఛార్జీ గానీ జరిమానా గానీ వసూలు చేశారో, ఆ తూకం రైల్వే సరిచూసిన తూకమే. బస్తా సరుకుకైతే లెక్కకే పూచీ చాలు, బరువుకు వద్దు. బస్తాలు ఎన్ని ఎక్కాయో అన్ని దిగాయంటే రైల్వే పని అయిపోయినట్టే, మిగతాది పంపినవాడూ అందుకునేవాడూ తేమ చీటీలు ముందు పెట్టుకుని తేల్చుకుంటారు. రెండు కాటాల అనుమతించిన తప్పు కలిపితే ఎంతవుతుందో ఆ లోపు తేడా వస్తే ఎవరూ ఎవరికీ మెమో ఇవ్వకూడదు. అది దాటితేనే మూడో కాటా మీద ఇద్దరి ఎదుటా తూకం వేయాలి, ఖర్చు తప్పు తేలినవాడిది. నార్మ్ కన్నా ఇది మేలు. నార్మ్ ఎవరో ఢిల్లీలో కూర్చుని ఊహించిన అంకె, ఇది ఆ రెండు యంత్రాల ముద్ర మీదే ఉన్న అంకె.

రైల్వే మీద క్లెయిముల వరద పడుతుందని అంటారు. 2024-25లో మన రైల్వే మోసిన సరుకు 160 కోట్ల టన్నులకు పైనే, అందులో అర శాతం అంటేనే 80 లక్షల టన్నులు, అంత సరుకుకు ఎవరు పరిహారం ఇస్తారని భయపెడతారు. ఆ తేడాలో సగం రెండో వైపుకు ఉంటుందన్న మాట చెప్పరు. కాటా తప్పు రెండు వైపులా పడేదే. ఒక వైపుకే పడుతోందంటే ముందు ఆ కాటాను చూడాలి, తప్పు బయటపడేది పూచీ ఉన్నప్పుడే. తప్పు చూపే కాటా వల్ల తన జేబుకు నష్టం లేని సంస్థ దాన్ని బాగుచేయించడానికి ఎందుకు తొందరపడుతుంది?

చట్టం మారేలోపు గోదాముల్లో పనిచేసే కుర్రవాళ్లకు చెప్పేవి కొన్ని ఉన్నాయి. లారీ కాటా చీటీ మీద క్లీనరు ఉన్నాడా దిగాడా రాయించండి. తేమ చీటీని తూకం చీటీకి పిన్ను కొట్టండి, వేరే ఫైలులో పెడితే అది ఇక దొరకదు. సీలు తేడా కనిపిస్తే తలుపు తీయకముందే ఓపెన్ డెలివరీ రాతపూర్వకంగా అడగండి. క్లెయిము నోటీసుకు సెక్షన్ 106 ఇచ్చే ఆరు నెలల గడువు సరుకు మీ చేతికి వచ్చిన రోజు నుంచి కాదు, అవతల రైల్వేకు అప్పగించిన రోజు నుంచి మొదలవుతుంది. హెడ్డాఫీసు వాళ్లు ఫోనులో మాట్లాడుతున్నాం, ఆగు అంటారు. మీరు ఆగకుండా నోటీసు పంపేయండి.